ప్రిన్స్ ఆఫ్ పర్షియాను మళ్లీ మొదటి నుంచి ఆడాలనుకుంటే

తొంభైల చివర్లోనో రెండువేల మొదట్లోనో స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకి ప్రిన్స్‌ను పరిచయం చేయక్కర్లేదు. సార్ అటు తిరగ్గానే డేంజరస్ డేవ్ ఆటైనా ప్రిన్స్ అయినా తెరిచేయడం, ఒక్క కీబోర్డు మీద ఇద్దరు పడి ఒకడు బాణం కీలు, ఇంకొకడు షిఫ్ట్ పట్టుకోవడం, ఇంతలో బెల్లు కొట్టేయడం. తర్వాత కాలాన్ని వెనక్కి తిప్పే ప్రిన్స్ వచ్చి హాస్టల్ రూముల్లో తెల్లార్లూ నడిచాడు. ఇన్నేళ్లు ఆడినా మనలో చాలామంది మొదటి ఆట ముగింపే చూడలేదు. ఇప్పుడు తీరిగ్గా మొత్తం ఆడాలనుకుంటే, లేదా ఇంట్లో పిల్లలకి చూపించాలనుకుంటే ఇలా చేయండి.

కథ వరసలో కాదు, విడుదలైన వరసలో ఆడండి. 2010లో వచ్చిన ఫర్గాటెన్ శాండ్స్ కథ ప్రకారం 2003, 2004 ఆటల మధ్యలో జరుగుతుంది కదా అని దాన్ని అక్కడ ఇరికిస్తే ఆ రెండింటి ఊపూ పోతుంది. పైగా విడుదల వరసలో అయితేనే ఒక సంగతి తెలుస్తుంది: ఆటగాడు చచ్చిపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నకి ఈ సిరీస్ ప్రతిసారీ ఒక కొత్త జవాబు చెప్తూ వచ్చింది.

మొదటిది 1989లో యాపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. చేసింది జోర్డన్ మెక్నర్, దాదాపు ఒంటరిగా. తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ చూసి ప్రిన్స్ కదలికలు గీశాడు. సంగీతం వాళ్ల నాన్నది. మనం ల్యాబ్‌లో ఆడింది మాత్రం 1990 నాటి డాస్ (విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన సిస్టమ్) వెర్షన్. ఇప్పుడు దాన్ని ఆడటానికి ఎస్‌డీఎల్‌పాప్ అని అభిమానులు చేసిన ఉచిత వెర్షన్ మేలు, ఎందుకంటే అందులో ఎఫ్6 కొడితే సేవ్, ఎఫ్9 కొడితే లోడ్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బ్రౌజర్‌లోనూ ఆడొచ్చు కానీ అక్కడో తలనొప్పి ఉంది. ఆటలో కంట్రోల్ ఎల్ అంటే సేవ్ చేసింది తెరవడం, బ్రౌజర్‌కేమో అడ్రస్ బార్‌కి పోవడం. కంట్రోల్ ఆర్ నొక్కితే పేజీ మొత్తం రీలోడ్ అయి ఆట గోవిందా. అసలు డాస్ ఆటలో కంట్రోల్ జీ సేవ్ కూడా మూడో లెవెల్ నుంచే పనిచేస్తుంది.

ఆటకి గంట టైమే, అరవై నిమిషాల్లో పన్నెండు లెవెల్స్ దాటి రాకుమారిని చేరాలి. చచ్చిపోతే లెవెల్ మొదటికొస్తారు, గడియారం మాత్రం ఆగదు. కాబట్టి మొదటిసారి టైమ్ సంగతి మర్చిపోయి దారులు నేర్చుకోవడానికే ఆడండి, రెండోసారి పరిగెత్తండి. షిఫ్ట్ కీని మించిన మంత్రం లేదు. షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కితే ప్రిన్స్ ఒక్కో అడుగు ఆచితూచి వేస్తాడు, అలా వెళ్తే నేలలోంచి పొడుచుకొచ్చే ముళ్ల మధ్య నుంచి కూడా ఏమీ కాకుండా దాటొచ్చు, పడిపోతున్నప్పుడు పట్టుకుంటే అంచుకి వేలాడతాడు. ఏ పలక ఊడిపోతుందో అనుమానమొస్తే ఉన్నచోటే పైకి ఎగరండి, వదులుగా ఉన్న పలకలు కదిలి చప్పుడు చేస్తాయి. సీసాల్లో ఎర్ర బుడగలుంటే తాగండి, నీలం బుడగలుంటే సాధారణంగా దెబ్బే. కత్తి లేకుండా కాపలావాడి ముందుకెళ్తే ఒక్క వేటుకి ఆఖరు, అందుకే మొదటి లెవెల్లో కత్తి దొరికాకే వాడి జోలికి పోండి.

సగంమంది ఆగిపోయింది మూడో లెవెల్లో అస్థిపంజరం దగ్గర. దాన్ని చంపలేరు, ఎన్ని వేట్లు వేసినా దానికి ప్రాణమే లేదు. కొడుతూ కొడుతూ వెనక్కి నెట్టి అంచు మీంచి కింద పడేయాలి, అంతే. నాలుగో లెవెల్లో అద్దం అడ్డొస్తుంది. దూరం నుంచి పరిగెత్తుకొచ్చి దాంట్లోకి దూకండి. మీ ప్రాణం ఒక్క గీతకి పడిపోతుంది, అద్దంలోంచి మీ నీడ అవతలికి పారిపోతుంది. ఆ నీడే తర్వాత మీరు తాగాల్సిన మందు తాగేస్తుంది, మీ మొహం మీదే గేటు వేసేస్తుంది. (మెమరీ అయిపోవడంతో కొత్త శత్రువు బొమ్మకి చోటు లేక, ప్రిన్స్ బొమ్మనే మార్చి వాడితే పుట్టిందట ఈ నీడ. ఆటలో అందరికీ గుర్తుండిపోయింది అదే.) ఎనిమిదో లెవెల్లో గేటు వెనక ఇరుక్కుపోతే కంగారుపడి రీస్టార్ట్ చేయకండి, కాసేపు ఊరికే నిలబడండి, ఒక ఎలుక వచ్చి తెరుస్తుంది. పన్నెండో లెవెల్లో నీడ కత్తి దూసి ఎదురొస్తుంది. దాన్ని కొడితే దెబ్బ మీకే తగులుతుంది. కింది బాణం నొక్కి కత్తి ఒరలో పెట్టేయండి, అదీ పెట్టేస్తుంది, అప్పుడు నేరుగా దానిలోకి నడవండి. ఆ తర్వాత కనిపించే అగాధం మీదికి ధైర్యంగా పరిగెత్తండి, కాళ్ల కింద నేల దానంతటదే వస్తుంది. పిల్లలు పక్కనుంటే ఈ రెండూ ముందే చెప్పేయకండి, కాసేపు కొట్టుకోనివ్వండి.

1993లో వచ్చిన రెండో ఆట ఓపికుంటే ఆడండి, దీనికి డెబ్భై అయిదు నిమిషాలు. 1999 నాటి త్రీడీది వదిలేయండి, ఏమీ పోదు.

2003 నాటి శాండ్స్ ఆఫ్ టైమ్ (చచ్చిపోతే కాలాన్ని వెనక్కి తిప్పే ఆట ఇదే) స్టీమ్, జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో ఉంటుంది, సేల్ వచ్చినప్పుడు చవగ్గా వస్తుంది. ఇప్పటి వెడల్పు స్క్రీన్లకి అభిమానుల ప్యాచ్ ఒకటి వేసుకోండి. రీమేక్ వస్తే ఆడదామని మాత్రం ఆగకండి: 2020లో ఈ ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోల చేతుల్లో అది ప్రకటించినప్పుడు మనవాళ్లెంత సంబరపడ్డారో, 2022కల్లా మాంట్రియల్‌కి వెళ్లిపోయింది, 2026 జనవరిలో రద్దే అయిపోయింది. పాతదే ఇప్పటికీ బాగుంటుంది. సేవ్ చేసే ఇసుక సుడిలోకి అడుగుపెట్టగానే ముందు జరగబోయేది మెరుపుల్లా కనిపిస్తుంది కదా, అప్పట్లో మనం దాన్ని స్కిప్ కొట్టేవాళ్లం. చూడండి, ఎక్కడ దూకాలో ఎటు ఎక్కాలో అందులోనే ఉంటుంది. కింద పడ్డ శత్రువుని బాకుతో పొడిచి ఇసుక లాక్కోకపోతే మళ్లీ లేస్తాడు. మధ్యమధ్యలో మీకు తోడొచ్చే ఫరా వైపు ఓ కన్నేయండి, ఆమె పోయినా ఆట పోయినట్టే.

వారియర్ వితిన్ (2004) చిన్నపిల్లల ముందు వద్దు, రక్తం ఎక్కువ. దహాకా అనే రాక్షసుడు వెంటపడినప్పుడు పోరాటం అనే మాట మర్చిపోయి పరిగెత్తండి, నీటి తెర దాటితే వాడు రాలేడు. పీసీలో బగ్స్ ఉన్నాయి కాబట్టి ప్రతిసారీ వేరే స్లాట్‌లో సేవ్ చేయండి. ఇంకోటి ముఖ్యం: దారిలో దాక్కున్న ప్రాణం పెంచే చోట్లు తొమ్మిదీ దొరికితేనే నీటి కత్తి, దాంతోనే అసలు ముగింపు. 2005 నాటి టూ థ్రోన్స్ కథ ఆ ముగింపు నుంచే మొదలవుతుంది, అందుకే అది చూడనివాళ్లు, వారియర్ వితిన్‌లో కనిపించిన కైలీనా పడవలో ఎందుకుందని బుర్ర గోక్కున్నారు.

2008 నాటిది వేరే కథ. మీరు పడిపోయిన ప్రతిసారీ తోడుండే ఎలికా చెయ్యి పట్టి లాగేస్తుంది, చావే లేదు. అప్పట్లో చాలామంది ఇదేం ఆట అని తిట్టారు గానీ, ఇంట్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే ఇదే ఇస్తాను. ముగింపు తర్వాతి ఎపిలాగ్ పీసీకి రాలేదు, వెతుక్కోకండి.

చివరగా 2024 జనవరిలో వచ్చిన లాస్ట్ క్రౌన్, మళ్లీ పక్క నుంచి కనిపించే ఆట. ఇందులో మీరు ప్రిన్స్ కాదు, ఆ ప్రిన్స్‌ని వెతకడానికి వెళ్లే సర్గోన్. మ్యాప్ పెద్దది, వెనక్కీ ముందుకీ తిరగాలి, అందుకే తెరుచుకోని తలుపు కనిపించిన ప్రతిచోటా ఫొటో తీసి మ్యాప్‌కి గుచ్చే సౌకర్యం పెట్టారు, మొహమాటపడకుండా వాడేయండి. దారి చూపే గైడెడ్ మోడ్ ఉంది, శత్రువు దెబ్బ తగ్గించుకునే సెట్టింగూ ఉంది. ఆఫీసు నుంచొచ్చి రాత్రి పదింటికి కూర్చునేవాళ్లు ఆ రెండూ మొదట్లోనే ఆన్ చేసుకోండి. మాటలు ఫార్సీలోకి మార్చి, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి.