గరాజులో ఓక్ మంచం: రంపం ఆన్ చేసే ముందు

క్రాఫ్ట్స్‌మన్ మంచం బొమ్మ చూసినవాళ్లు చాలామంది "ఇందులో ఏముంది, అన్నీ నిటారు గీతలేగా" అంటారు. నేనూ అదే అనుకున్నాను. వంపుల్లేవు, నగిషీ లేదు. నాలుగు కోళ్లు, రెండు పట్టెలు, తలవైపు నిలువుగా కొన్ని బద్దలు, కాళ్లవైపు ఇంకొన్ని. కానీ ఆ బద్దలు లెక్కపెట్టండి. నా క్వీన్ సైజు మంచానికి తలవైపు 13, కాళ్లవైపు 13. ఒక్కో బద్దకి రెండు చివర్లా కుసి (పట్టె గాడిలో దూరే సన్నటి కొస) కొయ్యాలి, అంటే 52 కుసులు. ఒక్కో కుసికి నాలుగు వైపులా కోత. మొత్తం 208 సార్లు చెయ్యి బ్లేడు పక్కదాకా వెళ్లి రావాలి. మొదటి పదిసార్లు ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. దెబ్బ తగిలేది ఆ తర్వాతెప్పుడో, చేతులు వాటి దారిన అవి పని చేస్తూ బుర్ర ఇంకెక్కడో ఉన్నప్పుడు.

ఈ నమూనాకి పేరు తెచ్చినవాడు గుస్తావ్ స్టిక్లీ. 1901లో న్యూయార్క్ రాష్ట్రంలో 'ది క్రాఫ్ట్స్‌మన్' అనే పత్రిక మొదలుపెట్టి 1916 దాకా నడిపాడు. ఇంట్లో చేసుకునేవాళ్ల కోసం అందులో ప్లాన్లు కూడా వేసేవాడు. కాబట్టి ఇది ఫ్యాక్టరీ సామాను అనుకుని భయపడక్కర్లేదు. నేనుండేది ఒహాయోలో. ఏప్రిల్‌లో అమ్మానాన్న వస్తున్నారని, వాళ్ల గదికి మంచం నా చేత్తో చేద్దామని, చలికాలంలో గరాజులో పని పెట్టుకున్నాను. తేదీ పెట్టుకోవడమే నేను చేసిన మొదటి తప్పు. మంచం ఆలస్యమైతే నాన్న పది రోజులు పరుపు నేలమీద వేసుకుని పడుకుంటాడు, అంతేగా.

జనవరిలో ఒక శనివారం రాత్రి. టేబుల్ రంపం (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచే మిషన్) మీద బద్దల చివర్లు ఒక్కో అంగుళం తెగ్గొట్టి సమం చేస్తున్నాను. 22 అయ్యాయి. లోపల్నుంచి "అన్నం చల్లారిపోతోంది" అని కేక. "ఇంకో నాలుగే, వచ్చేస్తున్నా" అన్నాను. మాస్కులోంచి ఊపిరి పైకి తన్ని కళ్లద్దాలకి ఆవిరి పడుతోందని వాటిని నుదుటి మీదకి ఎత్తాను. ఫెన్స్‌ని, అంటే బ్లేడు పక్కన గోడలా నిలబడే కమ్మీని, బ్లేడుకి అంగుళం దూరంలో పెట్టి, మైటర్ గేజ్‌తో, అంటే చెక్కని అడ్డంగా పట్టి బ్లేడు మీదికి జరిపే పరికరంతో, బద్దని తోస్తున్నాను. తెగిన బొటనవేలంత ముక్క బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుంది. చప్పుడు విన్నానే గానీ ఏం జరిగిందో చూడలేదు. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. మర్నాడు వెతికితే ఆ ముక్క వెనక గోడకి ఆనించిన సోనా మసూరి బస్తాలో గుచ్చుకుని కనబడింది.

తెగిపోయే ముక్క ఉన్నప్పుడు ఫెన్స్, మైటర్ గేజ్ రెండూ కలిపి వాడకూడదు. కొలత కోసం ఫెన్స్ కావాలనుకుంటే, దాని ముందు భాగానికి, బ్లేడు దాకా రాకుండా, ఒక చెక్క ముక్కని క్లాంపుతో బిగించండి. బద్దని దానికి ఆనించి కొలత తీసుకోండి. కోత మొదలయ్యేసరికి బద్ద ఆ ముక్కని దాటిపోయి ఉండాలి. అప్పుడు తెగిన ముక్క పక్కన ఖాళీ ఉంటుంది, ఇరుక్కోదు. చర్మం తగిలితే క్షణంలో బ్లేడు ఆగిపోయే రంపం ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. అది వేలిని కాపాడుతుంది. ఎగిరొచ్చే చెక్కని ఆపడం దాని పని కాదు.

అసలు 208 కోతలు ఎందుకు? ఇప్పుడైతే నేను కుసులే కొయ్యను. పై అడ్డపట్టెకీ కింది అడ్డపట్టెకీ పొడవునా ఒక గాడి తీసి, బద్దల్ని ఆ గాడిలో నిలబెట్టి, మధ్య ఖాళీల్లో చిన్న చెక్కముక్కలు పెట్టి మూసేస్తాను. బయటికి చూస్తే తేడా తెలియదు. గాడి వెడల్పు బద్ద మందానికి సరిపోతే చాలు. ఆ చిన్న ముక్కల్ని మాత్రం మిషన్ మీద ఒక్కొక్కటీ కొయ్యకండి. పొడుగు బద్దగా చీల్చుకుని, తర్వాత చేతి రంపంతో తుంచుకోవాలి. రెండంగుళాల చెక్కని పట్టుకుని టేబుల్ రంపం దగ్గరికి వెళ్లడం కంటే ఆ పావుగంట చేతి పని నయం.

కోళ్లకీ పట్టెలకీ వాడే రెండంగుళాల ఓక్ సంగతి వేరు. ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉన్న పలక ఒక్కటే దాదాపు 19 కిలోలుంటుంది. పైగా ఎండేటప్పుడు లోపల బిగువు మిగిలిపోయిన చెక్కయితే, చీలుస్తుంటే రెండు ముక్కలూ దగ్గరికొచ్చి బ్లేడుని పట్టేస్తాయి. అప్పుడు చెక్క వెనక్కి, అంటే మీ పొట్ట మీదకి వస్తుంది. రెండు ముక్కలూ దగ్గరికి రాకుండా బ్లేడు వెనక నిలబడే రేకు, రైవింగ్ నైఫ్, ఉన్నది దీనికోసమే. దాన్ని తీసి సొరుగులో పడేసిన గరాజులు నాకు తెలుసు. బ్లేడు గీతలో నిలబడకండి, కాస్త ఎడమకి జరగండి. పట్టె అవతలికి పోయాక దాన్ని మోయడానికి ఒక బల్ల ఉండాలి. లేకపోతే చివర్లో చెక్క కిందికి వాలుతుంది, దాన్ని పట్టుకోబోయి బ్లేడు మీదకి వంగుతారు. బ్యాండ్ రంపం (పట్టీలాంటి బ్లేడు పైనుంచి కిందికి తిరిగేది) ఉంటే మందపు చెక్కని దానిమీదే చీల్చండి, అది చెక్కని వెనక్కి విసరదు.

చలికి చేతులు కొంకర్లు పోతుంటే గ్లౌజులు వేసుకోవాలనిపిస్తుంది. తిరిగే మిషన్ దగ్గర గ్లౌజులు వద్దే వద్దు. బ్లేడు గుడ్డని పట్టుకుంటే గుడ్డతోపాటు చేతినీ లాక్కుపోతుంది. చెక్కలు మోసేటప్పుడు వేసుకోండి, స్విచ్ వేసే ముందు తీసేయండి. అలాగే ఉంగరం, మెడలో గొలుసు, స్వెటర్ వేలాడే చేతులు, మఫ్లర్. నా చేతికి గుళ్లో కట్టిన ఎర్ర తాడు ఉండేది. తీస్తే అమ్మ ఏమంటుందోనని చాలా రోజులు తీయలేదు. చివరికి అమ్మకే ఫోన్ చేసి అడిగితే, "దేవుడు చెయ్యి పోగొట్టుకోమన్నాడట్రా?" అంది. అక్కడితో ఆ టెన్షన్ తీరింది. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. పీకిన ప్లగ్గు మీ కంటికి కనబడేచోట ఉండాలి.

కళ్లద్దాలకి ఆవిరి పట్టే బాధ ఉందే, అది చిన్నదిగా కనిపించి కన్ను తీసేంత పని చేస్తుంది. ముక్కు దగ్గరి తీగని గట్టిగా నొక్కితే చాలావరకు తగ్గుతుంది. ఊపిరి వదిలే కవాటం ఉన్న ఎన్95 ఇంకా మేలు. మాస్కు మాత్రం మానకండి. చెక్కపొడి మనిషికి క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఓక్, బీచ్ లాంటి గట్టి చెక్కల పొడికీ ముక్కులో వచ్చే క్యాన్సర్‌కీ సంబంధం బాగా రుజువైనది. ఊళ్లో ఇదే నమూనాని టేకుతో చేయించుకునేవాళ్లూ వినండి, టేకు పొడి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెస్తుంది. గరాజు తలుపు మూసి సాండింగ్ చేస్తే ఆ మెత్తటి పొడి గంటలకొద్దీ గాల్లోనే తేలుతుంది. ఇంట్లోకి వెళ్లే తలుపు కింద సందులో పాత తువ్వాలు కుక్కండి. ఆవకాయ జాడీలు గరాజులో దాచుకునే అలవాటుంటే, ఈ మూడు నెలలు వాటికి వేరే చోటు చూడండి.

చెవుల మాట ఒక్క ముక్కలో చెప్తాను. రౌటర్ (గాడి తీసే మిషన్), ప్లేనర్ (చెక్కని నున్నగా చెక్కే మిషన్) 100 డెసిబెల్స్ దాకా పోతాయి. ఆ మోతలో రోజుకి 15 నిమిషాలకి మించి చెవులు వదిలేయకూడదని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే పరిశోధన సంస్థ నియోష్ (NIOSH) సిఫార్సు. ఇయర్ మఫ్స్ పెట్టుకోండి, అందులో పాటలు మాత్రం వద్దు.

చలికాలం తెచ్చే ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి హీటర్. ప్రొపేన్ హీటరో, ఎర్రగా కాలే తీగ ఉన్న హీటరో పొట్టు పడి ఉన్న గరాజులో పెట్టకండి. రెండిటికీ నిప్పు భయం ఉంది, ప్రొపేన్‌దైతే తలుపులు మూసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా. రెండోది జిగురు. మామూలు పసుపు జిగురు 10 డిగ్రీల సెల్సియస్ కింద సరిగా పట్టదు. గాలి వెచ్చగా ఉన్నా చెక్క చల్లగా ఉంటే అంతే సంగతి. పైకి అతికినట్టే ఉంటుంది, ఆర్నెల్లకి మంచం కిర్రుమంటుంది. అతికించే రోజు చెక్కనీ జిగురునీ ముందురోజు రాత్రే ఇంట్లోకి తెచ్చుకుని, హాల్లో దుప్పటి పరిచి అతికించుకోండి. ఇంట్లోవాళ్ల పర్మిషన్ మీ తిప్పలు.

కొలతల్లో తప్పు పోతే అది కూడా దెబ్బే, కాకపోతే పడుకున్నవాళ్లకి. అమెరికాలో క్వీన్ పరుపు 60×80 అంగుళాలు. ఇండియాలో క్వీన్ అంటే సాధారణంగా 60×78. ఊరి కొలతతో ప్లాన్ గీస్తే రెండంగుళాలు తక్కువొస్తుంది. పరుపు కొన్నాకే టేపు తీయండి. అడ్డబద్దల మధ్యలో నేలకి ఆనే కాలు ఒకటి ఉండాలి, 60 అంగుళాల వెడల్పులో ఇద్దరి బరువుని అడ్డబద్దలు వాటంతట అవి మోయలేవు. హెడ్‌బోర్డు బద్దల మధ్య సందు గురించి ఎవరూ ఆలోచించరు. ఇంట్లో పసిపిల్లలుంటే ఆలోచించాలి. ఇక్కడ తొట్టి మంచాల కమ్మీల మధ్య రెండుంబావు అంగుళాలకి కాస్త పైన, అంటే 6 సెంటీమీటర్లకి మించి ఉండకూడదని రూలు. పెద్దవాళ్ల మంచానికి ఆ రూలు లేదు. అయినా నేను అదే పాటించాను, మనవరాలు తాతయ్య మంచం ఎక్కకుండా ఉంటుందా?

ఇక రంగు. స్టిక్లీ సామానుకి ఆ ముదురు గోధుమరంగు అమ్మోనియా పొగతో వచ్చింది. ఓక్‌లో ఉండే టానిన్ అమ్మోనియాతో కలిసి నల్లబడుతుంది. ఆ పద్ధతే కావాలని ఉబలాటపడేవాళ్లుంటారు, నేనూ పడ్డాను. వద్దని చెప్తున్నాను. ఇల్లు తుడిచే అమ్మోనియా 5 నుంచి 10 శాతం ఉంటుంది. దీనికి వాడేది 26 నుంచి 28 శాతం. మూత తీస్తే ఊపిరి ఆగినంత పనవుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఎన్95 దాన్ని ఆపలేదు, అమ్మోనియాకని ప్రత్యేకంగా ఆకుపచ్చ పట్టీతో వచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. ఇంటికి ఆనుకున్న గరాజులో, పక్క గదిలో పిల్లలు నిద్రపోతుండగా చేసే పని కాదిది. నీళ్లలో కలిపే డై వేసి, దానిమీద జెల్ స్టెయిన్ (చిక్కటి రంగు పూత) పూస్తే పదింట తొమ్మిది పాళ్లు అదే రంగొస్తుంది. డై వేసే ముందు ఉక్కు పీచుతో మాత్రం రుద్దకండి. మిగిలిన ఇనుప నలుసులు తడికి ఓక్ మీద నల్ల చుక్కలై కూర్చుంటాయి.

నూనె పూత వేసేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాల్లోకి పోతుంది. ఉండచుట్టి చెత్తడబ్బాలో పడేసిన గుడ్డలో పోయే దారి లేక పెరుగుతుంది, పెరిగి పెరిగి దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాగే అంటుకుంది. 22వ అంతస్తులో చెక్క పని చేసినవాళ్లు వదిలేసిన నూనె గుడ్డలే కారణం. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. నేను గుడ్డల్ని బయట కంచె మీద విడివిడిగా ఆరేస్తాను. మంచు పడే రోజైతే నీళ్లు నింపిన మూత ఉన్న ఇనప డబ్బాలో వేస్తాను. రాత్రి ఎంత నిద్రొచ్చినా ఈ పని అయ్యాకే లోపలికి. గరాజులో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే అందులో ఎప్పుడూ చిన్న మంట వెలుగుతూ ఉండొచ్చు. మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పలుచన చేసే ద్రవం) లాంటి వాటి ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ అక్కడికి చేరుతుంది. వాటర్ హీటర్ ఆపండి, తలుపు ఎత్తండి, చలికి ఓర్చుకోండి. లేదా నీళ్ల ఆధారంగా ఉండే వార్నిష్ వాడండి.

చివరికి మంచాన్ని గదిలోకి చేర్చడం. పట్టెలు కోళ్లకి జిగురుతో అతికిస్తే ఆ మంచం మెట్లెక్కదు. బెడ్ బోల్టులు పెట్టి విడదీసేలా చేసుకోండి. హెడ్‌బోర్డు ఒక్కరు ఎత్తేది కాదు, పక్కింటాయన్ని పిలవండి. మెట్ల మీద కింద ఉన్నవాడికే బరువెక్కువ, కాబట్టి అటువైపు మీరే ఉండండి. చెక్క చలికాలంలో కుంచించుకుని ఎండాకాలంలో ఉబ్బుతుంది, దాంతో మొదటి ఏడాదిలో బోల్టులు తప్పకుండా వదులవుతాయి. అక్టోబర్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి బిగించాలి. ఆ బోల్టులకి సరిపడే అలెన్ కీని హెడ్‌బోర్డు వెనక టేపుతో అంటించి పెట్టాను. సొరుగులో వేస్తే అవసరమైనప్పుడు దొరకదు.