చలికాలంలో హైదరాబాద్ పాతబస్తీని కాలినడకన ఎలా చూడాలి?

నవంబరు చివరి నుంచి జనవరి నెలాఖరు దాకా ఏ శని, ఆదివారాలైనా సరే. శుక్రవారం మాత్రం వద్దు: చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం మూసి ఉంటాయి, మక్కా మసీదు నమాజుకు వచ్చేవాళ్లతో నిండిపోతుంది. సులువుగా విప్పుకునే చెప్పులు, నీళ్ల సీసా, పల్చటి స్వెటర్, భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు చాలు.

పొద్దున ఏడింటికల్లా మూసీ నది మీది నయాపూల్ వంతెన మీద ఉండాలి. ఆటోవాలా చార్మినార్ దాకా తీసుకెళ్తానన్నా వంతెన దగ్గరే దిగండి. పడమటి వైపు తిరిగి చూస్తే కుడి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఎడమ ఒడ్డున హైకోర్టు. 1908 వరద తర్వాత నగరం మళ్లీ లేచినప్పటి కట్టడాలివి. పొద్దుటి వెలుగు మీ వీపు వెనక నుంచి వాటి మీద పడుతుంది.

అసలు జాగ్రత్తంతా ఇక్కడి నుంచి. చార్మినార్‌కు ఇంకా కిలోమీటరే. జనం దాన్ని పది నిమిషాల్లో నడిచేసి, ఎదురుగా నిలబడి ఫొటో తీసి, నల్లగా వచ్చిందని వాపోతారు. తప్పు ఫోనుది కాదు, దిక్కుది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి దక్షిణం మీదుగానే పోతాడు. మీరు వచ్చేదేమో ఉత్తరం నుంచి. ఆ నెలల్లో చార్మినార్ ఉత్తర ముఖానికి ఎండ తగలదు.

అందుకని ఇలా నడవండి. మదీనా కూడలి దాటి పత్తర్‌గట్టి బజారులో తూర్పు వైపు కాలిబాట పట్టండి. ఎండ పడేది ఎదుటి వరుస మీద. దుకాణాలు పదకొండు ప్రాంతంలో గానీ తెరవరు కాబట్టి రాతి కమానులు మొదలంటా కనబడతాయి. బోర్డుల పైకి చూడండి, కిందకి కాదు. మచ్లీ కమాన్ కింద నుంచి గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ చేరాక ఓ పక్కకు జరిగి, నిలబడ్డచోటే చుట్టూ తిరగండి: నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. బండ్ల రద్దీ మొదలయ్యాక అక్కడ నిలబడడం కష్టం. చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్ నుంచి మొదలుపెట్టమనేవాళ్ల మాట వినకండి. ఈ వరసలో వస్తేనే 1591లో కట్టిన చార్మినార్, గుల్జార్ హౌజ్ దక్షిణపు కమాన్ చట్రంలోంచి కొద్దికొద్దిగా పెరుగుతూ కనబడుతుంది.

చార్మినార్ దగ్గర ఆగకండి. దాటి దక్షిణానికి వెళ్లి వెనక్కి తిరగండి. తూర్పు, దక్షిణ ముఖాల మీద ఏటవాలు ఎండకు గచ్చు పని, పూలూ తీగలూ, ఉబ్బెత్తుగా తేలుతుంది. పొద్దు బాగా పైకెక్కితే అదే పని చదునుగా, బూడిదరంగుగా కనిపిస్తుంది. తొమ్మిది లోపే ఇదంతా అయిపోవాలి.

వెంటనే మక్కా మసీదు. 1617లో మొదలై 1694లో ముగిసిన ఈ మసీదు ముఖం తూర్పుకి ఉంది. మధ్యాహ్నం దాటితే ఆ అయిదు రాతి కమానులూ నీడలోకి పోతాయి. ఆ తర్వాతే ఇరానీ చాయ్. చార్మినార్ ఎక్కాలనుకుంటే తెరవగానే ఎక్కేయండి: 149 మెట్లు, ఇరుకు, ఎదురొచ్చేవాళ్లకు దారి ఉండదు. పదింటికి చౌమహల్లా. బిర్యానీ అన్నీ అయ్యాకే. తిన్నాక కాళ్లు కదలవు.

రెండో రోజు కుతుబ్‌షాహీ సమాధులు పొద్దున్నే చూసుకుని, గోల్కొండ కోట మూడింటికి ఎక్కండి. దిగేటప్పటికి చీకటి పడకుండా చూసుకోండి. ఆ రాతిమెట్లు ఎత్తూపల్లాలు.