ఆదివారం రేసు, మంగళవారం వార్త: రన్నింగ్ క్లబ్బు ఫలితాలు రాసే పద్ధతి

ఆదివారం రేసు అయిన గంటకే క్లబ్బు వాట్సాప్ గ్రూపు మెడల్ ఫొటోలతో నిండిపోతుంది. నెల తిరిగాక ఎవరు ఎంత టైమ్‌లో పరిగెత్తారో వెతికితే ఆ ఫొటోల కింద ఎక్కడా దొరకదు. అందుకే క్లబ్బుకు ఒక రిజిస్టరు ఉండాలి, దాన్ని చూసి రాసే వార్తల పేజీ ఉండాలి. రాసేవారికి కట్టుబాటు ఒక్కటే: పేజీలో వేసిన ప్రతి అంకెనూ ఇంకొకరు సరిచూసుకోగలగాలి.

ముందు రిజిస్టరు

గూగుల్ షీట్ చాలు. ఒక్కో పరుగుకు ఒక్కో వరస: తేదీ, రేసు, ఊరు, దూరం, బిబ్ నంబరు (రన్నర్ ఛాతీ మీద తగిలించుకునే రేసు నంబరు), గన్ టైమ్, చిప్ టైమ్, వయసు కేటగిరీ, అందులో స్థానం, మొత్తం ఎంతమంది, పాత పర్సనల్ బెస్ట్ (పీబీ, అంటే ఆ దూరంలో తన అత్యుత్తమ టైమ్), ఫలితాల లింకు. బిబ్ నంబరు గడి మాత్రం వదలకండి. పేరుతో వెతికితే ఒకే రేసులో శ్రీనివాస్‌లు పదిమంది తేలతారు. లక్ష్మి అనే పేరునే ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. బిబ్ మాత్రం ఒక్కరిదే.

షీట్‌లో అందరూ చేసే తప్పు ఒకటుంది. టెన్‌కే (10 కిలోమీటర్ల పరుగు) టైమ్‌ని 52:30 అని కొడితే షీట్ దాన్ని 52 గంటల 30 నిమిషాలుగా తీసుకుంటుంది. వేగం ప్రకారం సార్ట్ చేయగానే ఆ మనిషి ఫుల్ మారథాన్ చేసినవాళ్ల కన్నా కిందికి పోతారు. ఎప్పుడూ 0:52:30 అని గంటలతో సహా కొట్టండి.

ఏ టైమ్ వేయాలి

గన్ టైమ్ అంటే స్టార్ట్ ఇచ్చిన క్షణం నుంచి. చిప్ టైమ్ అంటే మీ కాలు స్టార్ట్ మ్యాట్ (మీ చిప్‌ను గుర్తించే, నేల మీద పరిచిన పట్టీ) దాటినప్పటి నుంచి. పెద్ద రేసులో వెనక నిలబడ్డవాళ్లకు ఈ రెండింటికీ మధ్య నిమిషాల తేడా వస్తుంది. పర్సనల్ బెస్ట్‌కు చిప్ టైమ్ తీసుకోండి. స్థానాన్ని మాత్రం మీరు లెక్కగట్టకండి. కొన్ని రేసుల్లో బహుమతులు గన్ టైమ్ మీదే ఇస్తారు కాబట్టి నిర్వాహకులు ప్రకటించినదే వేయండి. సెకనులో భిన్నాలుంటే పై సెకనుకు పెంచాలి, రోడ్డు పరుగుకు నియమం అదే: 1:52:29.3 అయితే 1:52:30.

వాచీ చెప్పే దూరం

ఎక్కువ గొడవలు ఇక్కడే. ‘నా వాచీలో 21.4 వచ్చింది, కోర్సు ఎక్కువుంది’ అని ప్రతి హాఫ్ మారథాన్ (21.0975 కిలోమీటర్లు) తర్వాతా ఎవరో ఒకరు అంటారు. సర్టిఫై చేసిన కోర్సును, అంటే రేసు దారిని, సైకిల్ చక్రానికి కౌంటర్ బిగించి, మలుపుల్లో అతి దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు. ఎక్కడా తగ్గకూడదని కిలోమీటరుకు 1 మీటరు చొప్పున కలుపుతారు. పరిగెత్తేవాళ్లు మలుపును వెడల్పుగా తిరుగుతారు, నీళ్ల టేబుల్ వైపు జరుగుతారు, ముందువాళ్లను తప్పించుకుంటారు. దీనికి తోడు మెట్రో పిల్లర్ల కింద, హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య జీపీఎస్ గీత అటూ ఇటూ గెంతుతుంది. వాచీలో 21.3, 21.4 రావడం మామూలే.

కాబట్టి పేస్, అంటే కిలోమీటరుకు పట్టిన సమయం, చిప్ టైమ్‌ని 21.0975తో భాగించి వేయండి. 1:52:30 అంటే 6,750 సెకన్లు, కిలోమీటరుకు 5:20. అదే వాచీ చూపిన 21.4తో భాగిస్తే 5:15 వస్తుంది. ఆ 5 సెకన్లను నమ్మి వచ్చే రేసు మొదలుపెట్టినవాళ్లు 16వ కిలోమీటరు దగ్గర కూలబడతారు.

చాలామంది వాచీల్లో 20.6 లాంటి అంకె వస్తే కోర్సు తక్కువ పడి ఉండొచ్చు. ఫలితం వేయండి, పీబీ గుర్తు పెట్టకండి. ట్రైనింగ్ మధ్యలో స్ట్రావా (పరుగులు నమోదు చేసే యాప్) చూపించే ‘బెస్ట్ హాఫ్’ కూడా పీబీ కాదు. ఇంకొకరి బిబ్‌తో పరిగెత్తిన టైమ్‌ని అసలు రిజిస్టరులోకే ఎక్కించకండి. కళ్లు తిరిగి పడిపోతే వైద్య బృందానికి అందేది వేరే మనిషి వివరాలు, అది ప్రాణం మీదకు వస్తుంది.

హైదరాబాద్ కోర్సుకు విడి గడి

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్, హాఫ్ నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తాయి. హుస్సేన్‌సాగర్ ఒడ్డు నుంచి పోనుపోనూ నేల పైకే లేస్తుంది, మధ్యలో ఫ్లైఓవర్లు, పైన వానాకాలపు ఉక్క. ఈ టైమ్‌ని జనవరిలో ముంబైలో చేసిన టైమ్ పక్కన పెట్టి ‘వెనకబడ్డారు’ అని రాయడం అన్యాయం. రిజిస్టరులో ‘కోర్స్ బెస్ట్’ అని ఇంకో గడి పెట్టి, మన కోర్సును మన కోర్సుతోనే పోల్చండి. క్లబ్బులో నిజమైన మెరుగుదల ఎక్కువగా కనిపించేది ఆ గడిలోనే.

బోస్టన్ అన్న మాట

‘బోస్టన్‌కు అర్హత’ అని తొందరపడి రాయకండి. అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కు వయసు వారీగా ఫుల్ మారథాన్ అర్హత టైమ్ ఉంటుంది. 2026 రేసుకు గంటలు, నిమిషాల్లో 18–34 ఏళ్ల పురుషుల ప్రమాణం 2:55, మహిళలది 3:25. 40–44 ఏళ్లవారికి 3:05, 3:35. వయసును బోస్టన్ రేసు రోజున లెక్కిస్తారు. ప్రమాణం అందుకున్నంత మాత్రాన చోటు ఖాయం కాదు: 2026లో దానికన్నా 4 నిమిషాల 34 సెకన్లు ముందున్నవారి దాకానే తీసుకున్నారు. అందుకని ముందు ‘ప్రమాణం అందుకున్నారు’, ఖరారయ్యాక ‘ఎంట్రీ దక్కింది’. ఇవి రెండు వేర్వేరు వార్తలు.

రాత

‘సత్తా చాటారు’, ‘దుమ్ము రేపారు’, ‘అదరగొట్టారు’ తీసేయండి. అంకె తెలియనప్పుడు వాడే మాటలవి. నమూనాకు ఇలా:

‘లక్ష్మి (45–49) హాఫ్‌ను 1:52:30లో పూర్తి చేశారు, కేటగిరీలో 74 మందిలో 6వ స్థానం. ఇదే కోర్సులో నిరుటి టైమ్ 1:58:11. చివరి 5 కిలోమీటర్లు మొదటి 5 కన్నా వేగంగా పరిగెత్తారు.’

పేరు, టైమ్, స్థానం, పోలిక, పరుగు సాగిన తీరు: మూడు వాక్యాల్లో అన్నీ వచ్చాయి. ఆ ఆఖరి వాక్యం కోసం స్ప్లిట్లు (దూరంలో ఒక్కో భాగానికి పట్టిన టైమ్‌లు) చూడాలి, రెండు నిమిషాల పని. అది చదివినప్పుడు ఆ రన్నర్‌కు తన పరుగును ఎవరో నిజంగా చూశారనిపిస్తుంది.

పంతొమ్మిదేళ్ల కుర్రాడికైనా, అరవై దాటినవారికైనా ‘పూర్తి చేశారు’ అనే రాయండి. ‘ఇద్దరు పిల్లల తల్లి అయి ఉండి కూడా’ అన్న ముక్క వద్దు. మగవాళ్ల గురించి అలా రాయం కదా. అందరికన్నా ఆలస్యంగా చేరినవారికీ మొదట వచ్చినవారికీ అవే వివరాలు పడాలి. పేసర్ల (నిర్ణీత వేగంతో పరిగెత్తి మిగతావారికి దారి చూపేవారి) టైమ్‌ని విడిగా వేయండి: 2 గంటల జెండా పట్టుకుని 1:59:40కి చేరితే అది మెచ్చుకోవలసిన పని, పీబీ కొలత దానికి వర్తించదు. నీళ్ల టేబుల్ దగ్గర నిలబడ్డవారి పేర్లు కూడా రావాలి. మధ్యలో ఆగిపోయినవారి సంగతి వారు ఒప్పుకుంటేనే రాయండి. గాయం, జబ్బు వివరాలైతే వారి చేత్తో రాసి ఇస్తే తప్ప వద్దు.

కేబీఆర్ పార్కు బయట తెల్లవారుజామున 5కి ఎవరెవరు, ఏ గేటు నుంచి, ఏ దారిన పరిగెత్తుతారో పేర్లతో పేజీలో పెట్టకండి. ముఖ్యంగా ఒంటరిగా పరిగెత్తే ఆడవాళ్ల స్ట్రావా మ్యాప్ స్క్రీన్‌షాట్లు అసలు వద్దు, గీత ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

ఎప్పుడు వేయాలి

ఆదివారం వచ్చేవి తాత్కాలిక ఫలితాలు. మధ్య మ్యాట్ దాటనివారు, చిప్ పనిచేయనివారు, కేటగిరీ తప్పుపడ్డవారు తర్వాత సర్దుబాటవుతారు, స్థానాలు మారతాయి. సోమవారం సాయంత్రం మళ్లీ లింకు తెరిచి ప్రతి బిబ్‌నూ సరిచూసి, మంగళవారం వేయండి. తప్పు బయటపడితే పాత అంకెను గుట్టుగా మార్చేయకుండా, దాని కిందే ‘సవరణ’ అని తేదీతో రాసి, అదే రోజు రిజిస్టరులోనూ దిద్దండి.