ఇంటి రౌటర్‌లో స్టాటిక్ ఐపీ పెట్టుకోవడం ఎలా?

గుంటూరులో ఇళ్లకీ చిన్న షాపులకీ నెట్, కెమెరాలు బిగించడం నా పని. స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా ఉండే ఇంటర్నెట్ అడ్రస్, తీసుకున్నవాళ్లకి నేను మొదట చెప్పేది, రౌటర్ జోలికి వెళ్లకముందే ప్రొవైడర్‌కి ఫోన్ చేయమని. ఆ ఐపీ నేరుగా ఇస్తున్నారా, పీపీపీఓఈ (రౌటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్ మీద ఇస్తున్నారా అని అడగండి. యూజర్‌నేమ్ మీదైతే రౌటర్‌లో మార్చేదేమీ ఉండదు. ఒకసారి డిస్కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేస్తే కొత్త ఐపీ వచ్చేస్తుంది.

నేరుగా ఇచ్చేదైతే ఐపీ, సబ్‌నెట్ మాస్క్ (మీ అడ్రస్ ఎంత పెద్ద గుంపులోదో చెప్పేది), గేట్‌వే (ప్రొవైడర్ వైపు అడ్రస్), డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి అడ్రసులు వెతికిపెట్టేది) నాలుగూ వాట్సాప్‌లో పెట్టమనండి. ఫోన్లో విని రాసుకుంటే అంకెలు తారుమారవుతాయి.

బ్రౌజర్‌లో 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ కొట్టండి. మీ రౌటర్‌ది ఏదో దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లాగిన్ కాగానే పాత సెట్టింగులు ఫొటో తీసిపెట్టుకోండి. ఇంటర్నెట్ లేదా వ్యాన్ (బయటి నెట్ వైపు) అనే పేజీలో కనెక్షన్ టైప్‌ని స్టాటిక్ ఐపీకి మార్చి ఆ నాలుగూ నింపండి. ల్యాన్ (ఇంట్లో నెట్‌వర్క్) పేజీలో కాదు సుమా.

మాస్క్ దగ్గర అలవాటు కొద్దీ 255.255.255.0 కొట్టేస్తుంటారు. అది ఇంట్లో నెట్‌వర్క్‌కి వాడేది. ప్రొవైడర్ ఇచ్చేది చాలాసార్లు 255.255.255.252 అయి ఉంటుంది. అంటే ఆ గుంపులో ఉన్నవి నాలుగే అడ్రసులు, వాడుకోవడానికి పనికొచ్చేవి రెండే. గేట్‌వే 203.0.113.9 అయితే మీది 203.0.113.10. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయో లేదో చూసుకుని సేవ్ చేయండి.

అన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే, ప్రొవైడర్ దగ్గర మీ పాత రౌటర్ మ్యాక్ అడ్రసే (ప్రతి రౌటర్‌కీ కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబర్) నమోదై ఉండొచ్చు. కొత్తది చెప్పండి, లేదా రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనేచోట పాతది కొట్టండి.

నెట్ వచ్చింది కదా అని వదిలేయొద్దు. మారని అడ్రస్ అంటే బయటివాళ్లకీ మీ ఇల్లు ఎప్పుడూ ఒకేచోట దొరుకుతుంది. రౌటర్ పాస్‌వర్డ్ మార్చండి, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగులు తెరిచే సౌకర్యం) ఆపేయండి. కెమెరాల డీవీఆర్‌ని (రికార్డర్‌ని) డీఎంజెడ్‌లో, అంటే బయటి నెట్‌కి పూర్తిగా తెరిచి ఉంచే సెట్టింగులో, అస్సలు పెట్టొద్దు. రౌటర్‌లో వీపీఎన్ సర్వర్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) ఉంటే దాని ద్వారానే కెమెరాలు చూడండి. పిల్లలు కనిపించే కెమెరా ఇంకొకరి కంట పడకూడదు. చివరగా వైఫై ఆపి, మొబైల్ డేటా మీద కెమెరా తెరిచి చూడండి.