దాచిన కూరగాయ విత్తనాలు ఎన్నాళ్లు మొలుస్తాయి?

మృగశిర కార్తె దగ్గర పడుతుండగా పెరటి తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ అలమారలోంచి, డబ్బాల అడుగునుంచి పాత విత్తనాల పొట్లాలు బయటికి వస్తాయి. ఇవి ఇంకా మొలుస్తాయా అన్న ప్రశ్నకు ఏళ్ల లెక్కన జవాబు చెప్పే పట్టికలు చాలా దొరుకుతాయి గాని, అవి గింజను చల్లగా, పొడిగా దాచినప్పటి లెక్కలు. మన దగ్గర, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, విత్తనం ఎన్నేళ్లదని కాక ఎన్ని వానాకాలాలు దాటిందని, ఆ వానల్లో దేనిలో ఉందని అడగాలి.

ఎండిన గింజలో బీజం నిద్రలో ఉన్నా ప్రాణంతోనే ఉంటుంది, తనలోని నిల్వను బహు మెల్లగా వాడుకుంటూ ఉంటుంది. తేమా వేడీ పెరిగిన కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందని, నిల్వ ఉన్న చోట ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే మళ్లీ రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక స్థూలమైన సూత్రం ఉంది. అందుకే సంక్రాంతికి కోసి ఎండబెట్టిన బెండ గింజ నడివేసవి దాటి కూడా జూన్‌లో చక్కగా మొలుస్తుంది. అదే గింజ కాగితపు పొట్లంలో, వంటగది అలమారలో జూలై నుంచి అక్టోబరు దాకా ఉంటే, గాలిలోని తేమను పీల్చుకొని మరుసటి ఏటికి సగం చచ్చిపోతుంది.

బాగా ఎండబెట్టి, గాలి చొరబడని సీసాలో దాచినప్పుడు టమాట, వంగ, ముల్లంగి, దోస, గుమ్మడి విత్తనాలు నాలుగేళ్ల వరకు పనికొస్తాయి. చిక్కుడు, బీన్స్, క్యారెట్ మూడేళ్లు, బెండ, మిరప రెండేళ్లు నిలుస్తాయి. అన్నింటికన్నా ముందు పోయేది ఉల్లి. ఒక ఏడు వానాకాలమంతా పొట్లంలోనే ఉండిపోయిన ఉల్లి విత్తనాన్ని నేను నారుమడిలో చల్లి, పది రోజులు నీళ్లు పోసి, చివరికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మొలకలు మాత్రమే చూశాను. అప్పటినుంచి ఉల్లిని ఏ ఏటికా ఏడు కొత్తగానే తెచ్చుకుంటున్నాను. కరివేపాకు, పనస, మామిడి గింజల సంగతి పూర్తిగా వేరు. వాటిని ఎండబెట్టడమే చంపడం కాబట్టి పండులోంచి తీసిన కొద్ది రోజుల్లోనే నాటాలి.

ధ్రువీకరించిన విత్తనాల సంచి మీద ఉండే గడువు పరీక్ష చేసిన తేదీనుంచి తొమ్మిది నెలలు. ఆ గడువు దాటినంత మాత్రాన గింజ చచ్చినట్టు కాదు. ఆ నాణ్యతకు హామీ ముగిసిందనే దాని అర్థం. చట్టం అడిగే కనీస మొలకశాతం కూడా నూరు కాదు: టమాట, వంగకు 70, బెండకు 65, మిరపకు 60 మాత్రమే. కాబట్టి పది మిరప గింజల్లో ఆరే మొలిచాయని పాత విత్తనాన్ని నిందించకూడదు.

అనుమానం ఉన్నప్పుడు నేలలో వేసి ఎదురుచూడడం కన్నా ముందే పరీక్షించుకోవడం మేలు. ఉతికిన నూలు గుడ్డ ముక్కను తడిపి, నీరు కారకుండా పిండి, దాని మీద ఇరవై గింజలను ఒకదానికొకటి తగలకుండా పరచి, చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో నీడపట్టున ఉంచండి. రోజూ విప్పి చూసి, ఆరితే కాస్త నీళ్లు చిలకరించండి. ముల్లంగి మూడు నాలుగు రోజుల్లో, బెండ, టమాట వారంలో తేలిపోతాయి. మిరపకు మాత్రం రెండు వారాలు ఓపిక పట్టాలి. లెక్కపెట్టేటప్పుడు తెల్లని వేరు నిటారుగా, బలంగా వచ్చిన గింజలనే మొలిచినట్టు తీసుకోండి. వేరు చివర గోధుమ రంగుకు తిరిగినవీ, పగిలి అక్కడే ఆగిపోయినవీ మట్టిని చీల్చుకొని పైకి రాలేవు. ఇరవైలో పదహారు మొలిస్తే మామూలుగా విత్తవచ్చు, పది మొలిస్తే రెట్టింపు గింజలు వేయాలి, ఆరు కూడా రాకపోతే ఆ పొట్లం మీద ఆశ వదులుకోవడమే మంచిది. నీళ్లలో వేసి తేలినవి తాలువని పారేసే పద్ధతిని నేను నమ్మను. బీర, సొర గింజలు లోపల గాలి ఉండి, మంచివైనా తేలుతాయి.

ఇక దాచడం. గింజలను ఎర్రటి ఎండలో రేకు మీద కాక, గాలి ఆడే నీడలో, గుడ్డ మీద వారం పది రోజులు ఆరనివ్వండి. గుమ్మడి గింజను వంచితే వంగకుండా ఫట్‌మని విరగాలి, చిక్కుడు గింజ మీద గోరు దిగకూడదు. అప్పుడు గాజు సీసాలో పోసి, పల్చని గుడ్డలో మూటకట్టిన వేయించి చల్లార్చిన బియ్యాన్ని అందులో ఉంచితే మిగిలిన తేమను అది లాగేస్తుంది. మన పెద్దలు గింజలను పొడి బూడిదలో కలిపి సొరకాయ బుర్రలో పోసి మూతి బిగించడం వెనక ఉన్నదీ ఇదే. బూడిద తేమను పీలుస్తుంది, అలసంద, చిక్కుడులను పుచ్చు పురుగునుంచి కూడా కాపాడుతుంది.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికన్నా మంచిది గాని, ఆరని గింజను అలా పెడితే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరవకండి. చల్లని గాజు మీద చెమట పట్టినట్టే లోపలి గింజల మీదా క్షణాల్లో నీరు చేరుతుంది, ఏడాది పొడవునా ఆరబెట్టి కాపాడినదంతా పోతుంది. ముందు రోజు రాత్రే తీసి బల్ల మీద ఉంచి, ఉదయం సీసా బయట పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు తెరచి, కావలసినన్ని గింజలు తీసుకొని, వెంటనే మూత బిగించి లోపల పెట్టేయండి.