మ్యాప్‌లో ఐస్ లేదు, ఒడ్డున ఉంది: శాటిలైట్ డేటాని ఎలా సరిచూడాలి

ఆర్కిటిక్ ఐస్ మ్యాప్ ఒకటి చూసేసి అంతా కరిగిపోయిందనో, అబ్బే ఏం కరగలేదనో వాదనకి దిగే ముందు ఒక్క చోటు పట్టుకుని చెక్ చేయండి. నేనైతే అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్కియాగ్విక్ తీసుకోమంటా, పాత పేరు బారో. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ వాళ్ళ వెబ్‌క్యామ్ తీసిన సముద్రం ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, మ్యాప్‌ని వాటితో పోల్చి చూడండి.

ముందు టైమ్ కలపండి. శాటిలైట్ డేటా యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో ఉంటుంది, అలాస్కా వేసవిలో దానికి 8 గంటలు, చలికాలంలో 9 గంటలు వెనక. ఆ మాత్రం దానికేంలే అనుకోకండి, నేల మీంచి సముద్రం వైపు గాలి గట్టిగా కొడితే కొన్ని గంటల్లోనే ఐస్ విడిపోయి నల్లటి నీళ్ళు తేలతాయి, రోజువారీ మ్యాప్‌లో ఉండేది రోజంతటి సగటు.

ఇక అసలు తిరకాసు గడి సైజు. అమెరికాలో మంచు, ఐస్ డేటా చూసే కేంద్రం ఎన్‌ఎస్‌ఐడీసీ, వాళ్ళ మ్యాప్‌లో ఒక్కో గడి దాదాపు 25 కి.మీ., అందులో 15 శాతం ఐస్ ఉంటే చాలు విస్తీర్ణం లెక్కలో గడి మొత్తం ఐస్ కిందే వేస్తారు, అంటే 625 చదరపు కి.మీ.లో ఓ 94 ఉన్నా చాలన్నమాట! కెమెరాకి కనిపించేది ఒడ్డు పక్కన కొంచెమే. కాబట్టి రెండూ తేడాగా ఉంటే వెంటనే డేటా తప్పు అనేయకండి.

జూన్, జులైల్లో ఇంకో చిక్కు. ఐస్ పైన కరిగిన నీళ్ళు మడుగులు కడతాయి, ఈ మ్యాప్‌లకి డేటా ఇచ్చే శాటిలైట్ మైక్రోవేవ్ సెన్సర్‌కి అవి సముద్రంలాగే కనిపిస్తాయి, దాంతో ఐస్ తక్కువ చూపిస్తుంది. ఒడ్డు గడుల్లో దీనికి రివర్స్, నేల కలిసిపోయి లేని ఐస్ ఉన్నట్టు వస్తుంది.

అనుమానంగా ఉంటే శాటిలైట్ ఫొటోలు చూపించే నాసా వెబ్‌సైట్ వరల్డ్‌వ్యూలో అదే రోజు ఫొటో చూడండి, 250 మీటర్ల దాకా వివరం ఉంటుంది. మబ్బు పడితే, లేదా నవంబర్ మధ్య నుంచి జనవరి చివరిదాకా సూర్యుడే రాని రోజుల్లో, యూరప్ వాళ్ళ సెంటినెల్-1 శాటిలైట్ తీసే రాడార్ ఫొటోలే దిక్కు (మన శ్రీహరికోట నుంచి 2025లో వెళ్ళిన నైసార్ శాటిలైట్‌లో ఉన్నదీ ఈ రకం రాడారే). కాకపోతే గాలి లేని నీళ్ళూ, కొత్తగా గడ్డకట్టిన నున్నటి ఐసూ రెండూ అందులో నల్లగానే ఉంటాయి, అప్పుడు మళ్ళీ వెబ్‌క్యామ్ తెరవాల్సిందే.

మందం మాత్రం వీటిలో దేంట్లోనూ నేరుగా కనపడదు, దానికి క్రయోశాట్-2 లాంటి శాటిలైట్లు వేరే ఉన్నాయి, అవి కూడా నీటి పైన తేలే కాస్త భాగాన్ని కొలిచి, పైన ఎంత మంచు పేరుకుందో అంచనా వేసి లెక్క కడతాయి.