ఇంటి సర్వరు, 6వ పాఠం: బయటి నుంచి ఇంటికి దారి

గత పాఠంలో కుటుంబ ఫోటోలను ఇంటి సర్వరులోకి చేర్చుకున్నాం. ఇంటి వైఫై మీద అవి చక్కగా తెరుచుకుంటాయి గానీ, గడప దాటి మొబైల్ డేటాకు మారగానే అందవు. ఈ పాఠంలో బయటి నుంచి వాటిని చేరే దారి వేసుకుందాం.

ముందుగా రౌటరు సెట్టింగుల్లో ‘వాన్ ఐపీ’ (రౌటరుకు బయటివైపు ఉన్న చిరునామా) అని కనిపించే అంకెలను రాసుకుని, పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌కు కనిపించే మీ చిరునామాను) చూపే ఏదైనా వెబ్‌సైటు చెప్పే అంకెలతో పోల్చండి. రెండూ ఒకటే అయితే రౌటరులో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపును ఇంటి సర్వరుకు పంపే ఏర్పాటు) చేస్తే సాధారణంగా సరిపోతుంది. అవి వేరుగా ఉండి, రౌటరులోని చిరునామా 100.64.0.0, 100.127.255.255 మధ్య ఉంటే, మీ కనెక్షను సీజీన్యాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను ఇంటర్నెట్ సంస్థ ఎన్నో ఇళ్లకు పంచే ఏర్పాటు) వెనుక ఉందని అర్థం. ఇది తెలియక నేను రెండు రాత్రులు రౌటరులో పోర్టులు తెరుస్తూ కూర్చున్నాను. అందుకే ఈ పరీక్షను అన్నిటికంటే ముందు పెట్టాను.

ఐపీవీ4 (ఇలా చుక్కలతో విడదీసి నాలుగు సంఖ్యలుగా రాసే) చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. అందుకే వచ్చిన సీజీన్యాట్ కోసం పై శ్రేణిని 2012లో కేటాయించారు. మీరు బయటికి పంపిన మనిషి తిరిగి వస్తే అపార్టుమెంటు వాచ్‌మన్ లోపలికి వదులుతాడు. కొత్తవాడు వస్తే, ఏ ఫ్లాటుకు పంపాలో తెలియక గేటు దగ్గరే ఆపేస్తాడు. సీజీన్యాట్‌లో జరిగేది సరిగ్గా ఇదే. కాబట్టి పిలుపు ఇంటి నుంచే బయటికి వెళ్లాలి.

ఇందుకు పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వరు) ఒకటి తీసుకుని, దానిలోనూ, ఇంటి సర్వరులోనూ, ఫోనులోనూ వైర్‌గార్డ్ (యంత్రాల మధ్య రహస్య దారి వేసే వీపీఎన్ సాఫ్ట్‌వేర్) పెట్టండి. ఇది 2020లో లినక్స్ కెర్నెల్ 5.6లోనే చేరింది. మూడింటికీ వేరువేరు తాళాల జతలు (ఒక పబ్లిక్ కీ, ఒక ప్రైవేట్ కీ) చేసుకుని, పబ్లిక్ తాళాలను మాత్రమే ఇచ్చిపుచ్చుకోండి. ప్రైవేట్ తాళం పుట్టిన యంత్రాన్ని దాటి ఎక్కడికీ వెళ్లకూడదు. ఈ దారిలో మాత్రమే వాడే చిరునామాలుగా వీపీఎస్‌కు 10.20.30.1, ఇంటికి 10.20.30.2, ఫోనుకు 10.20.30.3 ఇద్దాం. వీపీఎస్ ఫైర్‌వాల్‌లో వైర్‌గార్డ్ వాడే యూడీపీ 51820 పోర్టు తెరవండి. ఇంటి సర్వరు సెట్టింగుల్లో ‘పర్సిస్టెంట్ కీప్‌అలైవ్’ విలువను 25 సెకన్లుగా ఉంచండి, లేకపోతే కాసేపు రాకపోకలు ఆగినప్పుడు సీజీన్యాట్ ఆ దారిని మరిచిపోతుంది.

‘అలౌడ్ ఐపీస్’ (అవతలి యంత్రంతో ఏ చిరునామాల రాకపోకలు జరగాలో చెప్పే సెట్టింగు) దగ్గర చాలామంది తడబడతారు. వీపీఎస్‌లో ఇంటికి 10.20.30.2/32, ఫోనుకు 10.20.30.3/32 రాయాలి (/32 అంటే ఆ ఒక్క చిరునామా మాత్రమే). ఇంటి సర్వరులోనూ ఫోనులోనూ 10.20.30.0/24 (10.20.30తో మొదలయ్యేవన్నీ) చాలు; అక్కడ 0.0.0.0/0 రాస్తే ఆ యంత్రం ఇంటర్నెట్ రాకపోకలన్నీ వీపీఎస్ మీదికి మళ్లుతాయి.

ఇప్పుడు ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద 10.20.30.2 తెరవండి. తెరుచుకోకపోతే వీపీఎస్‌లో వైర్‌గార్డ్ స్థితి చూడండి. ఇంటికి హ్యాండ్‌షేక్ (రెండు యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడం) సమయం కనిపించకపోతే తాళాలనో ఫైర్‌వాల్‌నో అనుమానించాలి. ఇంటికీ ఫోనుకూ రెండింటికీ తాజా సమయమే కనిపిస్తూ ఫోటోలు మాత్రం రాకపోతే, వీపీఎస్‌లో ఐపీ ఫార్వార్డింగ్ (ఒకరి నుంచి వచ్చినదాన్ని మరొకరికి అందించే సెట్టింగు) ఆన్‌లో ఉందో లేదో ముందుగా చూడండి.